మిగులు జలాలు

మా మావయ్యగారి లెక్కలో నీళ్లు రెండే రకాలు. కాలవలోకి వెళ్లినవి, సముద్రంపాలైనవి. ఉద్యోగమంతా గోదావరి కాలవల మీదే గడిపి, ఇరిగేషన్ డిపార్టుమెంటులో డీఈగా రిటైరైన మనిషి ఆయన. ఇంట్లో ఎవరైనా కుళాయి సరిగ్గా కట్టకపోతే కోప్పడరు, బాధపడతారు. పొద్దున్న పేపరు తియ్యగానే బ్యారేజీ దగ్గర ఎన్ని నీళ్లు కిందికి వదిలారో చూసి, ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు పేపరు మడిచి పక్కన పెట్టేస్తారు.

ఆయన కోడలినైన నేను చేసే ఉద్యోగం ఏమిటంటే, నీళ్లను సముద్రానికి వదిలిపెట్టండి బాబూ అని రైతుల్ని బతిమాలడం.

మేం స్కాట్లాండ్‌లో తూర్పు వైపున ఒక చిన్న ఊళ్లో ఉంటాం. మా ఆయన ఇక్కడి హాస్పిటల్లో డాక్టరు. నేను సివిల్ ఇంజనీరుని. నదుల్ని బాగుచేసే ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. పెళ్లైన కొత్తలో మావయ్యగారు నన్ను అందరికీ 'మా లైన్లో అమ్మాయేనండీ' అని పరిచయం చేసేవారు. ఇప్పుడు నేను చేసేది తెలిశాక ఆ మాట మానేశారు.

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నది ఉంది. గోదావరిని చూసిన కళ్లకి అది పంటకాలవ కంటే కాస్త పెద్దది, అంతే. దానికి అడ్డంగా ఏనాటిదో ఒక రాతి ఆనకట్ట. ఒకప్పుడు మిల్లు తిప్పడానికి కట్టారు. మిల్లు పోయింది, ఆనకట్ట మిగిలింది. ఇప్పుడు ఒక రైతు దాని పక్కనున్న ఇనప గేటు తీసి, పాత మిల్లు కాలవలోంచి తన బంగాళాదుంపల చేలకి నీళ్లు తీసుకుంటాడు. అతని తాత కాలం నుంచీ ఆ గేటు వాళ్లదే.

సాల్మన్ చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తను పుట్టిన వాగుకే తిరిగొస్తుంది. ఆ వాగులన్నీ ఆనకట్టకి పైనున్నాయి. అందుకని ఆనకట్ట ఒక చివర, గేటుకి దగ్గరలోనే, మెట్లుమెట్లుగా కాంక్రీటు తొట్లు కట్టించాం. పై తొట్టిలోంచి కింది తొట్టిలోకి నీళ్లు దూకుతుంటే, చేప వాటికి ఎదురీది ఒక్కో తొట్టీ ఎక్కి అవతలికి పోతుంది. ఫిష్ పాస్ అంటారు. కట్టడం సులువే. అందులోకి నీళ్లు తెప్పించడమే మా వల్ల కాలేదు. రైతు గేటు తెరిచి ఉన్నంతసేపూ నదిలో ఉన్న ఆ కాస్త నీరూ కాలవ దారి పడుతుంది. మా తొట్లలో కాకులు స్నానం చేసేటన్ని మిగులుతాయి.

ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుందామన్నా వినేవాళ్లు లేరు. గ్లాస్గోలో తెలుగువాళ్లింట్లో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా నన్ను చూడగానే ఎవరో ఒక అంకుల్, "ఏమ్మా, మీ సాల్మన్ పులసలా ఉంటుందా? పులుసుకి ఆగుతుందా ముక్క?" అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమంటారు. ఆ పక్కనే ఇంకో ఆంటీ చింతపండు ఎంత వెయ్యాలో మొదలుపెడుతుంది. నది గురించి నేను ఎత్తుకున్న వాక్యం ఇంతవరకు ఏ ఫంక్షన్లోనూ పూర్తికాలేదు.

రెండేళ్లపాటు ఆ రైతు చుట్టూ తిరిగాను. పొలానికి వెళ్లాను, వాళ్ల వంటింట్లో కూర్చున్నాను, మ్యాపులు పరిచాను. అతనికి అరవై దాటి ఉంటాయి. మాట్లాడడు. భుజాలు ఎగరేస్తాడు. ఎంత చెప్పినా చివరికి ఒకటే మాట: "ఆ మెట్లు చేపలు ఎక్కడం నేనింతవరకు చూడలేదు." నీళ్లు వదిలితే కదయ్యా ఎక్కేది అని నేను. చేపలు ఎక్కితే కదా నీళ్లు వదిలేది అని అతను. ఇలా తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చాక, పోయిన ఏడాది వేసవి చివర్లో ఒక మెట్టు దిగాడు. చేలకి తడులు అయిపోయాయి కాబట్టి ఈ ఒక్క శరత్కాలం గేటు మూసి ఉంచుతాను, నా కళ్లతో నేను చేపని చూస్తే ఏటా ఇదే పద్ధతి, లేకపోతే ఇంకెప్పుడూ నా గుమ్మం ఎక్కొద్దు అన్నాడు. మా ఆఫీసులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటూనే నేను ఫోన్లో వాతావరణ సూచన తెరిచాను. ఇన్నేళ్ల పని ఒక్క సీజను వానల మీద ఆధారపడింది.

సరిగ్గా అప్పుడే మావయ్యగారు మా దగ్గర ఉండటానికి వచ్చారు.

వచ్చిన మర్నాడే ఆనకట్ట చూపించమన్నారు. తీసుకెళ్లాను. చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు అటూ ఇటూ తిరిగారు. రాతికట్టుని మెచ్చుకున్నారు. ఫిష్ పాస్ పక్క నుంచి ఆగకుండా నడిచి వెళ్లిపోయారు. ఎండిపోయిన కాలవ ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డారు.

"కాలవ కట్టేశారేంటమ్మా?"

చెప్పాను. సముద్రం నుంచి వచ్చే చేప గురించి, పైనున్న వాగుల గురించి, రైతుతో కుదిరిన మాట గురించి, అన్నీ చెప్పాను. ఆయనకి అర్థమవుతుందని పులసతో పోల్చాను కూడా. అదే పొరపాటైంది.

"పులస ఆనకట్ట దగ్గరకొచ్చి ఆగబట్టే కదమ్మా మనవాళ్లకి దొరుకుతోంది," అన్నారు ఆయన. "దాన్ని కూడా పైకి పంపించేస్తే ఇంక వలలో ఏం పడుద్ది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. "అలాగా," అన్నారు. ఆ 'అలాగా' అంటే ఒప్పుకున్నట్టు కాదని తర్వాత తెలిసింది.

సెప్టెంబరు ఎండిపోయింది. స్కాట్లాండ్‌లో వాన కోసం ఎదురుచూడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆనకట్ట కింద మడుగులో చేపలు వచ్చి చేరాయి. నీరు పలచగా ఉండటంతో నల్లటి వీపులు కనబడేవి. కదలవు. వాన పడి, నది కాస్త ఉబ్బి, కొత్త నీటి వాసన తగిలితేనే అవి మెట్లకేసి కదులుతాయి. రోజూ ఆఫీసుకి వెళ్తూ ఆగి చూసేదాన్ని. రైతు ఫోను చేసి, "ఇంకా అక్కడే ఉన్నాయా మీ చేపలు?" అని అడిగేవాడు. ఆ గొంతులో వెటకారం లేదనుకోవడానికి చాలా ప్రయత్నించేదాన్ని.

అక్టోబరు మొదట్లో ఒక రాత్రి వాన మొదలైంది. పెద్ద వానేం కాదు గానీ తెరిపి లేకుండా పడింది. రైతుకి మెసేజ్ పెట్టాను, రేపు పొద్దున్నే ఆనకట్ట దగ్గరికి రమ్మని. వస్తానన్నాడు. మా ఆయనకి ఆ వారం నైట్ డ్యూటీ, ఇంట్లో లేరు. ఆనందం పంచుకోవడానికి ఎవరూ లేక, సంగతి మావయ్యగారికే చెప్పాను. "మంచిదమ్మా, వాన పడింది, మంచిది," అన్నారు.

పొద్దున్న నేను ఉప్మా కలుపుతుంటే ఆయన వాకింగ్ నుంచి వచ్చారు. మంకీ క్యాప్ తీసి టేబుల్ మీద పెట్టారు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, ఓ మంచి పని చేసొచ్చేను."

"ఏంటండీ?"

"మీ కాలవకి నీళ్లొదిలేనమ్మా."

గరిట చేతిలోనే ఉండిపోయింది. "గేటు తీశారా?"

"ఆయ్. తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను గానీ వెన్నలా తిరిగింది. ఆ రైతెవరో గ్రీజు బాగా పెడతాడమ్మా. హ్యాండిలు పక్కనే చెక్కపెట్టెలో ఉంది. మన లస్కర్లూ అక్కడే దాచేవోరు. ఎక్కడైనా గేటు కాసేవాడి బుద్ధి ఒకటే."

"మావయ్యగారూ, అది చేపల కోసం మూసి ఉంచామని మీకు చెప్పాను కదండీ!"

"చెప్పేవమ్మా, నేను కాదన్నానా? వాన పడకముందు మూసేరు, బాగుంది. రాత్రంతా వాన పడింది. చేపలకి సరిపోను వచ్చేసేయి. ఇంక పైనుంచి వచ్చేవన్నీ మిగులు జలాలే కదా. అవి ఊరికే సముద్రంపాలైపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోమంటావు?"

మిగులు జలాలు. నెల రోజులుగా నేను కాచుకున్న ఆ వానకి ఆయన పెట్టిన పేరు అది. ఒళ్లు మండిపోయింది. ఆయన స్థానంలో ఇంకెవరున్నా ఏమనేదాన్నో నాకు తెలుసు. మావయ్యగారిని ఏమీ అనలేక స్టవ్ కట్టేసి కారు తాళాలు అందుకున్నాను. "ఉప్మా తినెళ్లమ్మా," అంటున్నారు వెనక నుంచి.

వెళ్లేసరికి ఫిష్ పాస్‌లో నీళ్లు సన్నటి ధారగా కారుతున్నాయి. రెండో తొట్టిలో ఒక పెద్ద చేప ఉంది. వీపు సగం బయటికి తేలి, తోకతో నీళ్లని కొడుతోంది. పైకి దూకేందుకు లోతు లేదు. కాలవ మాత్రం నిండుగా, ఎర్రగా, పండగ చేసుకుంటూ పోతోంది. నేను ఆ హ్యాండిలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని ఏడ్చాను కూడా.

ఎవరూ లేరనుకోవడం నా భ్రమ. వెనక పికప్ ఆగింది. రైతు దిగాడు, మోకాళ్ల దాకా బురద. నా చేతులు గేటు మీద ఉండటం చూశాడు.

"నా గేటు మీద చెయ్యి వెయ్యమని మీకెవరు చెప్పారు?"

"నేను మూస్తున్నాను, తియ్యడం లేదు!"

"తీసిందెవరు మరి?"

మా మావయ్యగారు అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో చెబుతుంటే ఎంత తెలివితక్కువగా వినిపించిందో చెప్పలేను. అప్పుడతను చెప్పాడు, జరిగిందేమిటో. తడులు అయిపోయాయి కదా అని కాలవ కింది చివర కట్టేసి ఉంచాడట. వచ్చిన నీళ్లు పోయే దారి లేక గట్టు మీంచి పొర్లి పక్క చేలో పడ్డాయి. ఆ చేలో దుంప తవ్వకానికి సిద్ధంగా ఉంది. ఆ వారమే తవ్వాలి. ఇప్పుడు చాళ్ల మధ్య నీళ్లు నిలిచాయి, మెషిను దిగదు. నీళ్లలో నానిన దుంప కుళ్లిపోతుంది.

"చేపలు మీవి, బాగానే ఉంది. కుళ్లేది నా దుంపలు," అన్నాడు. "మన ఒప్పందం ఇంతటితో సరి." నా వైపు ఇంకోసారి కూడా చూడకుండా పికప్ ఎక్కి వెళ్లిపోయాడు. గేటు మూసేసరికి రెండో తొట్టిలో చేప లేదు. వెనక్కి, మడుగులోకి జారిపోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన డ్యూటీ దిగి వచ్చి పడుకోబోతున్నారు. విన్నారు. "నాన్నగారు పెద్దవారు, పోనీలే, వదిలెయ్," అన్నారు. వదిలెయ్యడానికి ఇంకా నా దగ్గరేం మిగిలిందో చెప్పమన్నాను. అప్పటికే గురక మొదలైంది.

మావయ్యగారు హాల్లో కూర్చుని ఫోన్లో పేపరు చదువుతున్నారు. ఎంత మెత్తగా చెప్పాలనుకున్నా నా గొంతు లేచింది. చేపలు వెనక్కి పోయాయని, రైతు ఇంక గుమ్మం ఎక్కనివ్వడని, రెండేళ్ల నా పని నీళ్లపాలైందని అన్నాను. ఆయన వింటున్నారు గానీ ఏదీ తగులుతున్నట్టు లేదు. ఆఖర్న, విసుగుతో, చేను మునిగిందని కూడా అన్నాను.

ఆయన ఫోను పక్కన పెట్టేశారు.

"ఏ చేను?"

"బంగాళాదుంప చేనండీ. కాలవ పొర్లి."

"తవ్వకానికొచ్చిన చేనా?"

"అవునండీ."

కాలవ వదిలే ముందు కింద ఎవరికైనా కబురు పెట్టారా అని ఏ లస్కర్నైనా మొదట అడిగే మనిషి ఈయన. ఆయన చేతుల మీదుగా, కోతకొచ్చిన చేను మునిగింది. లేచి లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. "పద," అన్నారు.

వెళ్లొద్దన్నాను. అతను చాలా కోపంగా ఉన్నాడన్నాను. "కోపంగా ఉండకపోతే వెళ్లక్కర్లేదమ్మా," అన్నారు.

చేలో రైతు ఒక్కడే పారతో గట్టుకి గండి కొట్టి నీళ్లు తోడుతున్నాడు. మావయ్యగారు మా ఆయన మంచి బూట్లతోనే ఆ బురదలోకి దిగిపోయారు. ఎదురుగా నిలబడి, "సార్, ఐ యామ్ ది కల్ప్రిట్," అన్నారు. ఆ డిపార్టుమెంటు ఇంగ్లీషు విని నేను తల వంచుకున్నాను. తర్వాత ఆయన చేపల మాట ఎత్తలేదు. ఏ రకం దుంప, ఎప్పుడు నాటారు, ఎన్నాళ్లు ఆరితే మెషిను దిగుతుంది, ఈలోపు ఎంత పోతుంది, ఇవే అడిగారు. చాలు పక్కన గొంతుక్కూర్చుని మట్టిలో చెయ్యి పెట్టి ఒక దుంప తీసి తుడిచి చూశారు. రెండేళ్లలో నాకు భుజాలు మాత్రమే చూపించిన మనిషి ఆయనకి జవాబు చెబుతూనే ఉన్నాడు. ఆ యాస మావయ్యగారికి సగం అర్థం కాదు. అయినా తల ఊపుతున్నారు. కాసేపటికి ఇద్దరూ కలిసి ఇంకో చోట గండి కొడుతున్నారు.

నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

తిరిగొస్తుంటే రైతు నాతో ఒక్క మాట అన్నాడు. "మీ వైపు నుంచి వచ్చినవాళ్లలో నా దుంపల గురించి అడిగిన మొదటి మనిషి ఈయన." చేను ముంచింది కూడా ఈయనే కదా అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు మంటే. ముంచిన మనిషికి మెచ్చుకోలు, రెండేళ్లు గడ్డం పట్టుకుని బతిమాలిన నాకు ఈ అక్షింతలు.

మర్నాడు అతను గేటుకి గొలుసు వేసి తాళం పెట్టాడు. దుంప బయటికి తీసేదాకా ఆ కాలవలోకి చుక్క నీరు రాకూడదట. చేపల కోసం మీ మాట వింటున్నాననుకోవద్దు అని నాకు స్పష్టంగా చెప్పాడు. గేటు మూసే ఉంటుంది, అంటే చేపలకి ఇంతకంటే కావలసిందేముంది, ఆ మాటే చెప్పబోయాను. మావయ్యగారు పక్క నుంచి, "నువ్వు మాట్లాడకమ్మా," అని తెలుగులో అన్నారు. ఆయన చెప్పింది విన్నాను. అది ఇంకా చిరాకు.

రైతు రెండో తాళంచెవి మావయ్యగారి చేతిలో పెట్టాడు. "రోజూ ఇటే నడుస్తారు కదా. దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా చూడండి," అన్నాడు. వెటకారమో, నిజమో నేను పోల్చుకోలేకపోయాను. మావయ్యగారు మాత్రం పోస్టింగ్ ఆర్డర్ అందుకున్నట్టు అందుకున్నారు. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం మంకీ క్యాప్‌తో వెళ్లి తాళం లాగి చూసి వచ్చేవారు.

మళ్లీ వాన పడిన రోజు ఆయనే ఫోను చేశారు. "అమ్మాయ్, వచ్చెయ్." అంతే, పెట్టేశారు. ఆఫీసులో మీటింగు మధ్యలోంచి లేచి వెళ్లాను. ఆనకట్ట మీద మావయ్యగారు, కొంచెం ఎడంగా రైతు, అతని కుక్క. ఫిష్ పాస్ నిండా నీళ్లు పొంగుతున్నాయి. మొదటి తొట్టి, రెండో తొట్టి. చేప ఒకసారి తప్పి వెనక్కి పడింది. మళ్లీ లేచింది. పై తొట్టిలోకి వెళ్లి, ఒక్క విదిలింపుతో ఆనకట్ట దాటి, పైనీటిలో కలిసిపోయింది. దాని వెనకే ఇంకోటి. మావయ్యగారు పైవైపు నదిని చూస్తూ, "సముద్రం నుంచే కదా?" అని అడిగారు. అవునన్నాను.

రైతు వైపు తిరిగాను. ఇప్పుడు చూశారు కదా అన్నాను, ఏటా ఇదే పద్ధతి అన్నారు కదా అన్నాను.

అతను భుజాలు ఎగరేశాడు. "దుంప ఎంత పోయిందో తేలనివ్వండి. వసంతంలో చూద్దాం," అన్నాడు.

అరవాలనిపించింది. మావయ్యగారు అదేదో సబబైన జవాబైనట్టు తల ఊపారు.

ఆయన వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్టులో, సామాను ఇచ్చేశాక, కోటు లోపలి జేబులోంచి ఆ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. రైతుకి చెప్పేనులే, నీ దగ్గరుంచమన్నాడు అన్నారు. నమ్మలేకపోయాను. అతను నా దగ్గర ఉంచమన్నాడా అని రెండుసార్లు అడిగాను. అవునన్నారు.

"జాగ్రత్తమ్మా. ఎవరడిగినా గేటు తియ్యకు."

"తియ్యనండీ."

ఆయన నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చారు.

"వాన పడిందని ఎప్పుడైనా నువ్వు ఫోన్లో అంటావు. నా నోరు ఊరుకోదు. మిగులు జలాలు కదమ్మా, కొంచెం తియ్యి అంటాను," అన్నారు. "నేనన్నా తియ్యకు."